అంగారకుడి మీద దుమ్ముగూడెం

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలికవుతుంది. ఉరిమితే ఉలిక్కిపడతాను, బల్లి కనబడితే గది ఖాళీ చేస్తాను, ఖాకీ బట్టలు ఎదురైతే ఏ తప్పూ చెయ్యకపోయినా చేసినదానిలా తల దించుకుంటాను. అలాంటిదాన్ని తీసుకొచ్చి దుమ్ముగూడెం అవతల, అడవి అంచున ఉన్న ఆశ్రమ పాఠశాలలో సోషల్ టీచర్‌గా వేశారు. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి.

ఆ రోజుల్లో మా వైపు ఊళ్ళలో తెల్లారేసరికి గోడల మీద ఎర్ర అక్షరాలు కనిపించేవి. మధ్యాహ్నానికల్లా వాటి మీద సున్నం పడేది. రాసినవాళ్ళను నేను చూడలేదు, సున్నం కొట్టినవాళ్ళనూ చూడలేదు. అడవి లోపలివాళ్ళను జనం ‘అన్నలు’ అనేవాళ్ళు, ఖాకీవాళ్ళను ‘సార్లు’ అనేవాళ్ళు. రెండు మాటలూ గొంతు తగ్గించే అనేవాళ్ళు. బస్సు కల్వర్టు మీదికి రాగానే మాట్లాడుతున్నవాళ్ళు ఆగిపోయేవాళ్ళు, దాటాక ఎక్కడ ఆపారో అక్కడి నుంచే మళ్ళీ అందుకునేవాళ్ళు. కల్వర్టు కింద మందుపాతర ఉందేమో ఎవరికి తెలుసు? నేనైతే కళ్ళు మూసుకునేదాన్ని.

నాన్నకు మాత్రం భయమంటే ఏమిటో తెలియదు. బోనకల్‌లో రైల్వే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమున్నంత కాలం పట్టాల కింద కంకర సర్దాడు. రైళ్ళ చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి గొంతు ఎంత పెద్దదైందంటే, ఆయన గుట్టుగా చెప్పిన మాట పక్క వీధిలో వినబడేది. చర్చిలో ఆయన ప్రార్థన మొదలుపెడితే పాస్టరుగారు మైకు కట్టేసేవారు. ఇక మొండితనం సంగతి చెప్పక్కర్లేదు. ఒక పెళ్ళిలో అన్న మాటను వెనక్కి తీసుకోమన్నందుకు మా మేనత్త ఇంటి గడప ఏళ్ళ తరబడి తొక్కలేదు.

రిటైరయ్యాక ఆయనకు పొద్దుపోయేది కాదు. ఒకరోజు పేపర్లో ఒక ఫోటో చూశాడు. అంగారక గ్రహం మీద మనిషి ముఖంలాంటి గుట్ట. దాన్ని ఎవరో చెక్కారని కొందరు, అది మామూలు గుట్టేనని కొందరు వాదించుకుంటున్నారని కింద రాశారు. తర్వాత ఇంకా మంచి కెమెరాతో తీస్తే ముఖం మాయమై ఉత్త రాళ్ళగుట్ట మిగిలిందని కూడా రాశారు. ఆ చివరి వాక్యం నాన్న చదవలేదు. చదివినా నమ్మి ఉండడు.

ఆ గ్రహం ఫోటోలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి బండెక్కి ఖమ్మం వెళ్ళడం, నెట్ సెంటర్‌లో కూర్చుని ప్రింట్లు తీయించుకోవడం ఆయనకు కొత్త ఉద్యోగమైంది. నెట్ సెంటర్ అతను నాన్న మెట్లెక్కే చప్పుడు వినగానే ప్రింటర్‌లో కాగితాలు సర్దేవాడట. ఇంట్లో మా అక్క పెళ్ళి ఫోటోలు తీసి ట్రంకుపెట్టెలో పడేసి, ఆ ఆల్బమ్‌లో అంగారకుణ్ణి పెట్టాడు. ప్రింట్ల కింద ఇంగ్లీషులో ఏవో వివరాల వరసలు ఉండేవి. అవి ఉంటే ఆల్బమ్ కవర్లలో పట్టవని కత్తెరతో నీటుగా కత్తిరించేశాడు. అమ్మ ఆయనతో చాలా రోజులు మాట్లాడలేదు. పెళ్ళి ఫోటోల సంగతి అమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు.

వీలున్నప్పుడల్లా నాన్న నా దగ్గరికి వచ్చేవాడు. అన్నాలు తిన్నాక నా గదిలో నేల మీద చాప పరిచి ఫోటోలు తీసేవాళ్ళం. రెండు కుప్పలు వెయ్యాలి. అక్కడున్నది దానంతటది ఏర్పడిందైతే ‘దేవుడి పని’. ఎవరైనా కట్టిందో తవ్విందో అయితే ‘చేతి పని’. సహజం, కృత్రిమం అనమని నేను సోషల్ టీచర్‌లా చెబితే, “గా మాటలు నాకు నోరు తిరగవు బిడ్డా” అన్నాడు. తేలిన తీర్పును ఫోటో వెనక ఎర్ర బాల్‌పెన్నుతో రాసేవాడు. ముందు వైపు అనుమానమున్న చోట గుండ్రంగా గీసేవాడు.

మొదట్లో ఒక ఫోటో తెచ్చి, “గిది చూడు, గుండ్రంగ కుప్పలు పోసిండ్రు. కంకర గిట్లనే పోస్తం మేం” అన్నాడు. నేను ఫోటోను తలకిందులు చేశాను. కుప్పలన్నీ గుంటలైపోయాయి. వెలుగు ఎప్పుడూ పైనుంచే వస్తుందని మన కళ్ళకు అలవాటు. ఫోటోలో ఎండ కింది వైపు నుంచి పడితే గుంట గుట్టలా, గుట్ట గుంటలా కనబడుతుంది. అందుకని ముందు ఎండ ఎటు నుంచి వస్తుందో తేల్చుకుని, ఆ వైపు పైకి వచ్చేలా ఫోటో తిప్పుకోవాలి. నాన్న ఆ ఫోటోను తిప్పాడు, మళ్ళీ తిప్పాడు, నన్నొకసారి అనుమానంగా చూశాడు. నేనేదో గారడీ చేశాననుకున్నాడు.

ఇంకోసారి వరసగా ఇళ్ళు, మధ్యలో సందులు ఉన్న ఊరు దొరికిందని పొద్దున్నే స్కూలుకి ఫోన్ చేశాడు. అచ్చం రైల్వే క్వార్టర్లే అట. తీరా చూస్తే చిన్న ఫోటోను నెట్ సెంటర్‌లో మితిమీరి పెద్దది చేయించాడు. అలా సాగదీస్తే కంప్యూటర్ తానే గళ్ళు గళ్ళుగా వేస్తుంది. క్వార్టర్లు కంప్యూటర్‌లో ఉన్నాయి, గ్రహం మీద లేవు. ఆ మాట చెప్పిన పూట అలిగి పెరుగన్నం మాత్రం తిని లేచాడు.

నిజం చెప్పాలంటే నాకు ఆ ఫోటోలంటే భయం. చెట్టు లేదు, నీళ్ళు లేవు, పిట్ట లేదు. ఎటు చూసినా ఎండలో పడున్న రాయి, మట్టి. అలాంటి నేల మీద నిజంగానే ఒక గోడ ఉంటే? అది కట్టినవాళ్ళు ఏమైనట్టు? ఎక్కడున్నట్టు? ఆ ఆలోచన రాగానే వీపు వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టు ఉండేది. అందుకే ప్రతి ఫోటోనూ దేవుడి పని కుప్పలోకి తోసేదాన్ని. నేను చెప్పే కారణాలు సరైనవే, కానీ వాటిని వెతికించింది నా పిరికితనం. నాన్నది దీనికి పూర్తిగా ఉల్టా. “గంత జాగల ఒక్క చెయ్యి గూడ పడకుంట ఎట్లుంటది బిడ్డా?” అనేవాడు. ఖాళీ నేలంటే ఆయనకు దిగులు. ఒక్క గోడ, ఒక్క కాలువ, ఎవరో ఒకరు పెట్టిన ఒక్క రాయి దొరికితే చాలు.

మా వైపు ఈ తగవు కొత్తేం కాదు. పర్ణశాల దగ్గర వాగులో బండల మీద రంగు చారలున్నాయి. సీతమ్మ చీర ఆరేసిన గుర్తులని చూపిస్తారు. గోదావరి అవతల ఒడ్డున అడవిలో పెద్ద పెద్ద రాతి పలకలు నిలబెట్టి, పైన ఇంకో పలక కప్పిన గూళ్ళున్నాయి. ఎప్పటివో పాతకాలపు సమాధులు. వాటిని మాత్రం రాక్షస గూళ్ళంటారు, మనుషులు కట్టలేదంటారు. నాన్నను ఒకసారి అక్కడికి తీసుకెళ్ళాను. పలక అంచు తడిమి చూసి, “మనిషి చేసింది మనిషి చేసిండంటే నమ్మరు. మరి మార్స్ మీదిది ఎవలు నమ్ముతరు?” అని నిట్టూర్చాడు.

ఫోటోల ఫైలు పేర్లు ఆయనకు కొరుకుడు పడలేదు. అక్షరాలూ అంకెలూ కలిసి గూడ్సు బండిలా పొడుగ్గా ఉండేవి. గుర్తు కోసం తనకు తెలిసిన ఊళ్ళ పేర్లు పెట్టుకున్నాడు. గుండ్రటి పెద్ద గుంట తల్లాడ చెరువు. మెలికలు తిరిగిన ఎండు కాలువ పర్ణశాల వాగు. రెండు గుట్టల మధ్య సన్నటి దారి బోనకల్ గేటు. ఈ పేర్లు ఫోటో ముందు వైపే, పైన, పెద్ద అక్షరాలతో రాసేవాడు. ఆడుకునేటప్పుడు ఇద్దరం ఆ పేర్లతోనే మాట్లాడుకునేవాళ్ళం. మాకు అదేమీ వింతగా ఉండేది కాదు.

అన్నిట్లోకీ పెద్ద తగవు ‘దుమ్ముగూడెం ఆనకట్ట’ మీద. ఒక లోయకు అడ్డంగా, గీత గీసినట్టు తిన్నగా పోయే రాతి గట్టు అది. ఒక చోట తెగి, మళ్ళీ మొదలవుతుంది. భూమిలోపలి నుంచి కరిగిన రాయి పగుల్లోకి ఎక్కి గట్టిపడుతుందని, చుట్టూ ఉన్న మెత్తని రాయి గాలికి అరిగిపోతే గట్టిరాయి గోడలా మిగులుతుందని, మన దగ్గరా అలాంటి గోడలున్నాయని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. నాన్న వినలేదు. “తిన్నటి గీత దానంతటదే రాదు. పట్టాలు తిన్నగ ఉంచనీకి నా నడుం పడిపోయింది” అన్నాడు. వెనక ఎర్రగా రాశాడు: చేతి పని. సందేహం లేదు.

చివరికి ఒక ఉపాయం ఆలోచించాడు. గోదావరి మీదున్న అసలు దుమ్ముగూడెం ఆనకట్ట మీద నిలబడి, ఫోటో చేతిలో పెట్టుకుని, దాన్నీ దీన్నీ పక్కపక్కన చూస్తే తగవు తేలిపోతుందట. ఆ పని మీదే ఒక ఎండాకాలం ఆల్బమ్ మొత్తం సంచిలో వేసుకుని బయలుదేరాడు. నేను భద్రాచలం బస్టాండులో కలుసుకున్నాను. ఇద్దరం దుమ్ముగూడెం బస్సెక్కాం.

బస్సు ఊరు దాటగానే ఆల్బమ్ తెరిచాడు. “నాన్నా, ఇంటికెళ్ళాక చూద్దాం” అన్నాను. ఆయనకు నా మాట వినబడలేదో, వినదలచుకోలేదో.

“గిటు చూడు. ఆనకట్ట గీడ మొదలైతది. గీడికొచ్చి తెగింది. తెగింది కాదు బిడ్డా, తెగ్గొట్టిండ్రు! గీ పక్క తవ్విన జాగ కనబడుతలేదా?”

బస్సులో మాటలు ఆగిపోయాయి. కల్వర్టు ఏమీ రాలేదు. ముందు సీట్లో ఆమె తన సంచి ఒళ్ళోకి లాక్కుంది. మా వెనక కూర్చున్న ఇద్దరు లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డారు. కండక్టరు మా వైపు చూసి చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, నాన్న మాటలు వాళ్ళకు ఆనకట్ట పేల్చబోయేవాళ్ళ మాటల్లా వినిపించాయని.  ఆయన చెయ్యి గట్టిగా గిల్లాను. “ఏందే?” అని అరిచాడు.

ఇంకొంచెం దూరం వెళ్ళాక రోడ్డుకు అడ్డంగా తారు డ్రమ్ములు పెట్టి ఉన్నాయి. బస్సు ఆగింది. కానిస్టేబుళ్ళు ఎక్కి ఒక్కొక్కరి సంచీ చూస్తూ వచ్చారు. మా దగ్గరికి రాగానే నాన్న అడక్క ముందే ఆల్బమ్ అందించాడు. ఎవరైనా చూస్తామంటే ఆయనకు అంత సంబరం.

“చూడున్రి సార్. మంచి మంచియి ఉన్నయి.”

కానిస్టేబుల్ ఒక కవర్ తిప్పాడు, ఇంకోటి తిప్పాడు. అతని ముఖం మారిపోయింది. ఆకాశం నుంచి తీసిన గుట్టలు, లోయలు, వాగులు. ఎర్ర పెన్నుతో గుండ్రాలు. పైన తెలుగులో మా జిల్లా ఊళ్ళ పేర్లు.

“ఎక్కడికి పోతున్నరు?”

“ఆనకట్ట చూడనీకి” అన్నాడు నాన్న.



మమ్మల్ని దించారు. బస్సును పక్కకు తీసి నిలపమన్నారు. రోడ్డు పక్క ఇప్పచెట్టు కింద జీపు, దాని దగ్గర ఒక ఆఫీసరు ఉన్నాడు. వయసులో నాకంటే కాస్త పెద్దవాడేమో. కానిస్టేబుల్ ఆల్బమ్ ఇచ్చి చెవిలో ఏదో చెప్పాడు. ఆఫీసరు ఫోటోలన్నీ కవర్లలోంచి తీయించి జీపు బానెట్ మీద పరిపించాడు. గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక్కో రాయి పెట్టారు. అతను మాటిమాటికీ చెట్ల వైపు చూస్తున్నాడు. అతనికీ భయంగానే ఉందని తెలిసింది. భయపడుతున్న మనిషి చేతిలో తుపాకి ఉంటే ఎదుటివాళ్ళ భయం రెండింతలవుతుంది. నా చీర కొంగు చేతిలో తడిసిపోయింది.

“ఈ ఫోటోలు ఎక్కడివి?”

“సార్, ఇవి భూమి మీదివి కావు సార్” అన్నాను. “అంగారక గ్రహం. పై నుంచి ఉపగ్రహం తీసినవి. నేను సోషల్ టీచర్‌ని. ఈయన మా నాన్న.”

ఒక కానిస్టేబుల్ నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు.

“భూమి మీదివి కాకపోతే దుమ్ముగూడెం పేరెందుకుంది మేడమ్? అంగారకుడి మీద దుమ్ముగూడెం ఉందా?”

“గుర్తు కోసం పెట్టుకున్నాం సార్.” చెబుతుంటే నాకే అబద్ధంలా వినిపించింది.

“ఎక్కడి నుంచి వచ్చినవో ఫోటో మీద ఏమన్నా రాసి ఉండాలి కదా?”

ఉండేది. నాన్న దాన్ని కత్తెరతో కత్తిరించేశాడు.  నాన్న మాత్రం తన ఫోటోల మీద రాళ్ళు పెట్టినందుకు చిన్నబుచ్చుకుని నిలబడ్డాడు. ఆయనకింకా ఏం జరుగుతోందో తట్టలేదు.

నాకు తెలిసింది ఒక్కటే పని. రెండు కుప్పలు వెయ్యడం. “సార్, ఒక్కొక్కటే చూపిస్తాను. మీరే చూడండి” అన్నాను. తరగతిలో మాట్లాడే గొంతు తెచ్చుకున్నాను. 

“ఈ గుండ్రటి గుంట చూడండి. చెరువైతే కట్ట ఒక వైపే ఉంటుంది, తూము ఉంటుంది, కాలువ ఉంటుంది. దీనికి చుట్టూ సమానంగా గట్టుంది. పై నుంచి రాయి పడి చేసిన గుంట సార్. ఈ వాగు చూడండి. ఒక్క చుక్క నీళ్ళు లేవు. ఒడ్డున ఒక్క చెట్టు లేదు.”

“ఎండాకాలం” అన్నాడతను.

“మీ వెనక చూడండి సార్. ఇదీ ఎండాకాలమే. చెట్లు లేవా? బాట లేదా? ఇన్ని ఫోటోల్లో ఒక్క గుడిసె లేదు, ఒక్క పొలం గట్టు లేదు. మన దగ్గర ఇంత జాగా ఇంత ఖాళీగా ఎక్కడుంది?”

అతను వెనక్కి చూశాడు. మళ్ళీ ఫోటో చూశాడు. ఎండ ఎటు నుంచి పడుతుందో చూపించి ఫోటో తిప్పాను. గుట్ట గుంటైంది. అతని కనుబొమలు పైకి లేచాయి. ఆ ఫోటో తీసి పక్కన పెట్టాడు. తర్వాతది తనే తిప్పి చూశాడు. ఒక్కొక్కటే దేవుడి పని కుప్పలోకి వెళుతోంది. ప్రతి ఫోటోకీ నాకు ఒక ఊపిరి తిరిగొస్తోంది.

ఆఖరికి ఒకటి మిగిలింది. అతను దాన్ని కుప్పలో వెయ్యలేదు. రెండు చేతులతో పట్టుకున్నాడు. దుమ్ముగూడెం ఆనకట్ట.

“ఇది తిన్నగా ఉందే?”

“రాయే సార్. పగుల్లో గట్టిపడిన రాయి.”

అతను వెనక్కి తిప్పి చదివాడు. పైకే చదివాడు. “చేతి పని. సందేహం లేదు.” తల ఎత్తాడు. “ఎవరు రాసింది?”

“నేనే సార్” అన్నాడు నాన్న, చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినట్టు.

“ఎవరి చేతి పని?”

నాన్న నోరు తెరిచాడు. నేను మధ్యలో ఏదో అనబోతే ఆఫీసరు చెయ్యి అడ్డం పెట్టాడు. “మీరు కాదు మేడమ్. ఆయనను చెప్పనీయండి. పెద్దాయనా, జాగ్రత్తగా చెప్పు. ఎవరన్నా కట్టిందో తవ్విందో అయితే అది ఎక్కడుందో మాకు చూపియ్యాలె. చూపిచ్చేదాక ఇద్దరూ మాతోనే ఉంటరు. బస్సు పోతది.”

చూపించడానికి అది ఎక్కడుంది? ఆకాశంలో ఉంది. అలా తీసుకెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదని ఊళ్ళలో చెప్పుకునే మాటలన్నీ నా చెవుల్లో ఒక్కసారే మోగాయి. వాటిలో ఎన్ని నిజమో నాకు తెలియదు. కానీ అప్పుడు అన్నీ నిజమే అనిపించాయి. ఆఫీసరు కంటే, తుపాకుల కంటే, మా నాన్నను చూసి ఎక్కువ భయపడ్డాను. ఎందుకంటే ఆయన ఏం చెబుతాడో నాకు తెలుసు. ఆ గట్టు ఎవరో కట్టారని ఆయన మనసా వాచా నమ్మాడు. అన్న మాట వెనక్కి తీసుకున్న రోజు ఆయన జీవితంలో లేదు. ప్రభువా, ఈ ఒక్కసారి ఈయన చేత అబద్ధం చెప్పించు అని ప్రార్థించాను. అలాంటి ప్రార్థన నేను అంతకు ముందెప్పుడూ చెయ్యలేదు.

నాన్న ఫోటో వంక చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను ఏడుస్తున్నానని అప్పుడే చూసినట్టున్నాడు. నా చేతులు, నా కొంగు, చుట్టూ నిలబడినవాళ్ళ చేతుల్లోని తుపాకులు అన్నీ మెల్లగా చూశాడు. ఆయన ముఖంలో ఏదో సద్దుమణిగింది. ఆ క్షణంలో ఆయనకు సంగతి అర్థమైంది. జీవితంలో మొదటిసారి మా నాన్న భయపడటం చూశాను.

“ఎవ్వరు కట్టలే సార్” అన్నాడు. ఆయన గొంతు నాకే సరిగ్గా వినబడలేదు.

“గట్టిగ చెప్పు.”

“ఎవ్వరు కట్టలే. దానంతటదే అయింది. నా బిడ్డ చెప్పిందే కరెక్టు.”

“మరి సందేహం లేదని రాసినవ్?”

“తప్పు రాసిన సార్.”

ఆఫీసరు ఫోటోను మళ్ళీ బానెట్ మీద పెట్టాడు. జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. “ఊర్ల పేర్లన్నీ కొట్టెయ్. వెనక రాసింది గూడ కొట్టేసి సరిగ్గ రాయి. రేపు ఇంకో చెక్‌పోస్టుల ఎవరన్నా చూస్తే నీకే కష్టం.” మా మంచికే అన్నాడనుకుంటాను. గొంతులో కోపం లేదు.

నాన్న బానెట్ మీద వంగి రాశాడు.  తల్లాడ చెరువు కొట్టేశాడు. బోనకల్ గేటు కొట్టేశాడు. ఇంకా తీర్పు తేలనివి కొన్ని ఉన్నాయి. వెనక ఏమీ రాయని ఫోటోలవి. వాటి మీదా అడక్కుండానే రాశాడు. దేవుడి పని, దేవుడి పని, దేవుడి పని. ఒక్కో ఫోటో ఎంతోసేపు చూస్తే గానీ ఆ రెండు మాటలు రాసేవాడు కాదు. ఇప్పుడు బొమ్మ వైపు తిప్పను కూడా తిప్పలేదు.

ఆల్బమ్ మా చేతికిచ్చారు. ఎక్కమన్నారు. నేను బస్సు మెట్టు మీద కాలు పెడుతుంటే ఆఫీసరు దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

“నిజంగా అక్కడ ఎవరూ లేరా మేడమ్?”

“లేరు సార్.”

“మంచిది” అని, డ్రమ్ములు తియ్యమని చెయ్యి ఊపాడు.

బస్సు కదిలాక నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చినప్పుడూ కలగలేదు. నాన్న బతికున్నాడు, నేను బతికున్నాను, గోదావరి మీద ఎండ పడుతోంది. ఆయన చెయ్యి తీసి రెండు చేతుల మధ్య పెట్టుకున్నాను. చల్లగా ఉంది. “ఆనకట్ట దగ్గర దిగుదామా నాన్నా?” అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలని. తల అడ్డంగా ఊపాడు. నా గది దాకా ఒక్క మాట మాట్లాడలేదు. 

తర్వాత కూడా వచ్చేవాడు. పచ్చడి తెచ్చేవాడు, స్కూలు సంగతులు అడిగేవాడు, మధ్యాహ్నం పడుకునేవాడు. ఖమ్మం వెళ్ళడం మానేశాడు. నెట్ సెంటర్ అతను ఒకసారి నేను కనబడితే, పెద్దాయనకు ఒంట్లో బాగా లేదా అని అడిగాడు. చర్చిలో ప్రార్థన చేస్తే మైకు కట్టెయ్యాల్సిన అవసరం లేకపోయింది. అమ్మ మొదట సంతోషించింది. తర్వాత, “మీ నాన్నకు చెవుడొచ్చిందేమో చూడే, మెల్లగ మాట్లాడుతుండు” అంది. ఆ రోజు జరిగింది ఆమెకు మేమిద్దరం చెప్పలేదు.

ఒకటి రెండేళ్ళకు ఇంకా మంచి కెమెరా ఉన్న ఉపగ్రహం ఆ గ్రహం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. భద్రాచలంలో నెట్ ముందు కూర్చుని వెతికితే ఆ లోయే దొరికింది. ఇప్పుడు గట్టు మీద ఒక్కో బండా విడివిడిగా కనిపిస్తోంది. పగిలి, విరిగి, ఒకదాని మీద ఒకటి ఒరిగిన రాళ్ళు. ఎవరూ పేర్చలేదు. నేను చెప్పిందే నిజం. ప్రింటు తీయించాను, కింద ఇంగ్లీషు వరసలు ఒక్కటీ కత్తిరించకుండా. గెలిచిన సంబరంతో తీయించలేదు. దాన్ని చూసి నాన్న ఎగిరి పడతాడని, అంచు దగ్గర ఏదో ఒక రాయి పట్టుకుని ఇది చెక్కింది కాదా అని ఇంటి పైకప్పు లేచేలా అరుస్తాడని ఆశ.

బోనకల్ వెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టాను. కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఫోటో చూసే ముందు లేచి వెళ్ళి వీధి తలుపు దగ్గరికి వేశాడు. వచ్చి కూర్చుని, కాగితాన్ని ఎండ వచ్చే వైపు తిప్పాడు. చాలాసేపు చూశాడు. వేలితో గట్టు పొడుగునా తడిమాడు. ఆయన పెదవులు కదిలాయి. ఏదో అనబోతున్నాడని నేను ముందుకు వంగాను.

తల ఎత్తి నా ముఖంలోకి చూస్తూ, మెల్లగా అడిగాడు.

“దీన్ని ఏమని చెప్పాలె బిడ్డా?”

 ఆయన ఫోటో వదిలేసి నా నోటి వంకే చూస్తూ కూర్చున్నాడు.